బిడ్డ చాలంటే చాలు

ముక్కులో గొట్టం, కాలికి సెన్సార్, కిలో పైచిలుకు బరువు. నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ (ఎన్‌ఐసీయూ)లో అలాంటి పసికందును ముట్టుకునే ముందు థెరపిస్టు తన చేతులు వెచ్చబరచుకుంటుంది. ఒక అరచేయి తలకు, రెండోది పాదాలకు ఆనించి, కాళ్లూ చేతులూ పొట్ట దగ్గరికి ముడిచి కదలకుండా పట్టుకుంటుంది. నిమరదు, ఆ లేత ఒంటికి నిమరడమూ భారమే. వేళ్లు బిర్రుగా విచ్చుకున్నా, ఎక్కిళ్లొచ్చినా, రంగు మారినా ఆపేస్తుంది. ఎంత గమనింపు కావాలి దానికి! చుట్టిన గుడ్డలతో చుట్టూ గట్టు కట్టి, ఇంక్యుబేటర్ మీద దుప్పటి కప్పుతుంది. తర్వాత ఆ పట్టే తల్లికి నేర్పుతుంది. తల్లి స్పర్శకు అంత బలముంది మరి: ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టగానే తల్లి ఎదకు హత్తుకున్న తక్కువ బరువు బిడ్డల్లో మరణాలు 25 శాతం తగ్గాయి.