జీవం, యాట, నీచు: ఓరుగల్లు సాహిత్యంలో మాంసం కోసం జీవాలు పెంచే కుటుంబాలు

తెలంగాణ పల్లెల్లో గొర్రెలను, మేకలను పెంచే కుటుంబాలు వాటిని ‘జీవాలు’ అంటాయి. ఆ జీవం పండుగకో పెండ్లికో కోతకు వస్తే ‘యాట’ అవుతుంది. వండిన తరువాత, తినని ఇంటివారి నోట అదే ‘నీచు’. చివరి మాట వ్యుత్పత్తి ఏదైనా, వాడుకలో ‘నీచము’ అనే తత్సమం నీడ దానిపై పడుతూనే ఉంది. కోస్తా జిల్లాల్లో ఇదే మాంసానికి ‘వేటమాంసం’ అని పేరు. దొడ్డిలో పుట్టి, చేతి మేత తిని పెరిగిన జీవం ఈ పేరులో అడవిలో వేటాడిన మృగంలా వినిపిస్తుంది. తెలంగాణ వాడుకలోని ‘యాట’ మాత్రం పొట్టేలును తెలిపే ‘ఏట’కు, తమిళ ‘ఆడు’కు దగ్గరి చుట్టం. పెంపకం జ్ఞాపకం ఆ మాటలో చెరగలేదు. పెంచినవారి మాటకు, తిన్నవారి మాటకు, తిననివారి మాటకు మధ్య ఉన్న ఈ దూరమే తెలుగు సాహిత్యంలోనూ కనిపిస్తుంది. పశుపాలక కుటుంబాన్ని మన కావ్యలోకం పాలకుండతో, పిల్లనగ్రోవితో, ఆ తరువాత గొంగడితో లోపలికి రానిచ్చింది. ఆ కుటుంబం మాంసం కోసమూ జీవాలను పెంచుతుందన్న సంగతిని మాత్రం గడప బయటే ఉంచింది.

సామెతల్లోనే ఈ తీరు తెలుస్తుంది. ‘గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది’ అనే మాటలో గొర్రె ఉంది, కసాయి ఉన్నాడు. రెండేళ్లు మేపి, జబ్బు చేస్తే రాత్రంతా కూర్చుని, చివరికి అంగడికి తోలిన మనిషి లేడు. ‘గొర్రెదాటు’ అన్నప్పుడూ మంద తెలివితక్కువతనమే విషయం. ఆ మందలో దేని అడుగు ఏదో గుర్తించే కాపరి తెలివి అక్కడ విషయం కాదు. పెంపకందారు లేని ఈ ఖాళీ సామెతకు సహజమే కావచ్చు, సామెత క్లుప్తతను కోరుతుంది. కావ్యానికి ఆ సాకు లేదు.

ఓరుగల్లు వీధులనే రంగస్థలంగా చేసుకున్న ‘క్రీడాభిరామము’ను ఈ కోణంలో చదవవలసి ఉంది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి నగరంలో తిరుగుతూ చూసిన వినోదాలలో కోడిపందెం ఉంది, పొట్టేళ్ల పోరు ఉంది. మైలారుదేవుని భటుల సాహసకృత్యాలూ ఉన్నాయి. ఆ మైలారుడే ఇప్పటి మల్లన్న. పూటకూటింట రూకకు దొరికే భోజనాన్ని కవి వంటకం వెంట వంటకంగా లెక్కపెట్టాడు. అది పూర్తిగా శాకాహారం. అంటే కాకతీయ రాజధానిని చిత్రించిన కృతిలో పొట్టేలు పోరాడుతుంది, పందెం కాస్తుంది, చూపరులను అలరిస్తుంది. విస్తరిలోకి మాత్రం రాదు. దాన్ని పెంచిన ఇల్లు ఏ వీధిలో ఉందో నాయకులిద్దరూ అడగరు. నగర జీవితాన్ని ఇంత వివరంగా చూసిన కవి కన్ను ఇక్కడ ఆగిపోవడం యాదృచ్ఛికం అనిపించదు.

పాల్కురికి సోమనాథుని ‘బసవపురాణం’ కొంత ముందుకు నడిచింది. గొర్రె పెంటికను శివలింగంగా భావించి కొలిచిన గొల్లబాలుడు కాటకోటనికి అందులో చోటు దొరికింది. కాపరి జీవితంలో లోకం మలినమనుకునే వస్తువు అక్కడ పూజ్యమైంది. కన్నప్ప కథలో శివుడు మాంసాన్నీ అంగీకరించాడు. అయితే కన్నప్ప బోయ, అతడు తెచ్చింది వేట. విల్లుతో సంపాదించిన మాంసానికి సాహసం తోడై గౌరవం వచ్చింది. పెంచి, పేరు పెట్టి పిలిచి, తరువాత కోసిన జీవం మాంసం భక్తికథలోకి రావడం అంత తేలిక కాలేదు. ‘వేటమాంసం’ అనే మాట కోస్తాలో ఎందుకు నిలిచిందో ఊహించడానికి ఈ తేడా కొంత ఉపకరిస్తుంది.

పాలకుర్తికి సమీపంలోని బమ్మెరకు చెందిన పోతన దశమస్కంధంలో గోపబాలుర చల్ది కుడుపు తెలుగువారికి కంఠస్థం. ఆ పిల్లలు ఆవుల కాపరులు, కథ సంస్కృత మూలానిది. కనుక అందులో మాంసం లేదని పోతనను తప్పుపట్టడం అసంబద్ధం. ఆక్షేపించవలసింది తరువాతి విమర్శను. పెరుగన్నం, ఊరగాయలతో కూడిన ఆ దృశ్యాన్ని అది తెలుగు పశుపాలక జీవితం మొత్తానికి కొలతగా తీసుకుంది. పోతన పుట్టిన నేల మీదే వేలాది కురుమ, గొల్ల కుటుంబాల పిల్లలు గొర్రెల వెంట తిరిగారు. వారి సద్దిమూటను కావ్యపు చల్దితో పోల్చి చూసిన వ్యాసం అరుదు.

ఆ లోటును తీర్చే పాఠం ఒగ్గుకథ. శివుని డమరుకమైన ఒగ్గును పట్టి బీరప్ప, మల్లన్న, ఎల్లమ్మ కథలను చెప్పే కళాకారులలో ఎక్కువమంది కురుమ, గొల్ల కులాలవారే. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న క్షేత్రాలలో పంచరంగుల పట్నం వేసి కథ చెప్పే ఆచారం ఇప్పటికీ ఉంది. మల్లన్నకు బలిజ మేడలమ్మతో పాటు గొల్ల కేతమ్మ భార్య. దేవుడే గొర్రెలున్న ఇంటికి అల్లుడయ్యాడు. గొర్రెలు పుట్టలోంచి వెలువడ్డాయన్న కథాంశం ఇక్కడ వినిపిస్తుంది, దక్కన్ అంతటా కాపరి కులాలలోనూ వినిపిస్తుంది. మల్లన్న, ఖండోబా, బీరోబా ఆరాధనలను పరిశోధించిన గుంథర్ సొంథైమర్ ఈ కథలకు అడవికి, ఊరికి మధ్యనున్న కాపరి జీవితమే ఆధారమని గుర్తించాడు.

ఒగ్గుకథలో గమనించవలసింది మరొకటి ఉంది. గొర్రెల పుట్టుకను పవిత్రంగా పాడిన పూజారి కొన్ని చోట్ల అదే పండుగలో గావు కూడా పడతాడు, జీవం గొంతును పంటితో కొరుకుతాడు. పుట్టుకను పాడిన నోరు, ప్రాణం తీసిన నోరు ఒకటే. బయటినుంచి చూసేవారికి ఇది క్రూరంగా కనిపించవచ్చు, అటువంటి అభ్యంతరాన్ని తేలికగా కొట్టిపారేయనక్కర లేదు. కాని జీవాన్ని పెంచడం, దాన్ని తినడం ఒకే ఇంట జరిగే పనులని దాచకుండా చెప్పిన తెలుగు ప్రదర్శన రూపం ఇదే. క్రీడాభిరామం దాటేసిన ఇల్లు, పాల్కురికి సగం చూపిన ఇల్లు ఇక్కడ మొత్తంగా కనిపిస్తాయి. పూర్వపు వరంగల్ జిల్లాకు చెందిన చుక్క సత్తయ్య వంటివారు ఈ కథను నగర వేదికల మీదికి తెచ్చారు. వేదిక మీద డోలు, తాళం, అభినయం నిలిచాయి. గావు సహజంగానే ఊళ్లో ఉండిపోయింది. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) నుంచి ఈ సంపద విశ్వవిద్యాలయంలోకి వచ్చింది. వచ్చినా, ‘జానపదం’ అనే వేరు అరలో ఉండడం వల్ల కావ్యాల పక్కన పెట్టి చదివే అలవాటు బలపడలేదు.

ఉద్యమ సాహిత్యం గొంగడిని ఎత్తుకుంది. గద్దర్ భుజం మీది గొంగడి తెలంగాణ శ్రమకు గుర్తుగా నిలిచింది. అయితే గొంగడికి ఉన్నినిచ్చే దక్కనీ గొర్రె, ఉన్నికి గిరాకీ పడిపోయిన కొద్దీ, మాంసానికి పేరుపడిన నెల్లూరు జాతికి చోటిచ్చింది. నేడు ఈ కుటుంబాల రాబడిలో ఉన్ని నామమాత్రం, మాంసమే ప్రధానం. కవిత్వం ఇంకా గొంగడి దగ్గరే ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీపై పంపిణీ మొదలుపెట్టినప్పుడు వచ్చిన స్పందనలు ఈ సందర్భంలో గుర్తుకు తెచ్చుకోదగినవి. చదువుకున్న పిల్లలను మళ్లీ మంద వెంట నడవమంటున్నారా అన్న ప్రశ్న ఆ కులాల లోపలినుంచే వచ్చింది. అది న్యాయమైన ప్రశ్నే. బయటినుంచి వచ్చిన ఎగతాళి వేరు. దానికి ఉపాధి గురించిన చింత లేదు, ‘గొర్రెలు కాసుకునేవాళ్లు’ అన్న పాత చిన్నచూపే ఉంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టరాదు.

ఈ చిన్నచూపుకు గట్టి సమాధానం వరంగల్ జిల్లా పాపయ్యపేటలో కురుమ కుటుంబంలో పుట్టిన కంచ ఐలయ్య గ్రంథంలో ఉంది. 1996లో ఆంగ్లంలో వెలువడి, ‘నేను హిందువు నెట్లయిత?’గా తెలుగులోకి వచ్చిన ఆ పుస్తకాన్ని మతవాదంగానే చర్చించారు. అందులో కాపరి ఇంటి పిల్లవాడు నేర్చే విద్యను గురించిన పేజీలు ఉన్నాయి. గొర్రెల జబ్బులు, మందులు, ఈనేటప్పుడు చేయవలసిన మంత్రసాని పని, పిల్లల సాకుడు అన్నీ ఒక శాస్త్రంగా అక్కడ నిలబడ్డాయి. తెలుగు కాపరి ఇల్లు తన మాట తాను చెప్పడానికి ఆంగ్లం మీదుగా రావలసి రావడం తెలుగు సాహిత్య సంస్థలు ఆలోచించుకోవలసిన సంగతి. ఒక పరిమితినీ చెప్పాలి. వాదగ్రంథం కావడం వల్ల జీవాల పరిజ్ఞానం ఎక్కువగా ఒకచోట, మాంసాహార సమర్థన మరొకచోట ఉండిపోయాయి. పురుడు పోసిన చేతులే ఆ జీవాన్ని అంగడికి అప్పగించే ఘడియ మీద వాదం నిలవదు. ఆ పని కథ చేయాలి, ఒగ్గుకథ తన పద్ధతిలో చేసింది.

గొర్రెకు దొరికిన ఈపాటి చోటు కూడా పందికి దొరకలేదు. పందులను పెంచే ఎరుకల కుటుంబం సాహిత్యానికి కొత్తది కాదు. యక్షగానాలలో, కురవంజులలో ఎరుకలసాని గద్దెబుట్టతో వచ్చి, నాయిక చేయి పట్టి సోది చెప్పి, చీరలు అందుకుని వెళ్తుంది. ఆమె జోస్యం కథను నడుపుతుంది. ఆమె ఇంటి వెనుక పందుల గుడిసె ఉందని ఆ రచనలు తలవవు. అదే కుటుంబాన్ని వలస ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కింద నమోదు చేసింది, ఆ చట్టం 1952లో రద్దయింది. ఇప్పటి పట్టణాల్లో ఎరుకల ఇంటి గురించిన మాట పందుల బెడదతో మొదలై వాటి తరలింపుతో ముగుస్తుంది. బుట్టను సాహిత్యం తీసుకుంది, గుడిసెను పురపాలక సంఘానికి వదిలింది. తరగతి గదిలో కురవంజిని బోధించేటప్పుడు నేటికీ ఛందస్సు, దరువులు, సింగి సింగని సంవాదం చెప్తారు. సోది చెప్పి ఇంటికి వెళ్లాక ఆ మనిషి దేన్ని మేపి బతికిందో చెప్పే అధ్యాయం పాఠ్యపుస్తకంలో చేరలేదు.