'ట్రైబ్' అను మాట: చింతూరు కోయ సంఘముల దృష్ట్యా ఒక పరిశీలన

సంఖ్యాకాండము 36వ అధ్యాయమును చింతూరు ప్రాంతపు కోయల మధ్య బోధించువారికి ఒక చిక్కు కలదు. సెలోపెహాదు కుమార్తెలు తమ తండ్రి గోత్రములోనే వివాహము చేసికొనవలెనని మోషే ఆజ్ఞాపించెను. కోయలలోనైతే మూడవ గట్టు, నాల్గవ గట్టు, ఐదవ గట్టు మొదలైన విభాగములున్నవి. ఒకే గట్టువారు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారి నడుమ పెండ్లి కూడదు. మైదానపు తెలుగువారిలో గోత్రమునకున్న కట్టుబాటును ఇదే. కనుక ఈ ఆజ్ఞ వావి వరుసలు తప్పుమన్నట్లు వినబడును. లోపము వాక్యములో లేదు, అనువాదకులు ఎన్నుకొన్న మాటలో ఉన్నదని మేము తలంచుచున్నాము.

ఆంగ్ల బైబిలులో ఇచ్చట ఉన్న మాట 'ట్రైబ్'. దీనికి మూలము లాటిను 'ట్రిబుస్'. అది రోమా పౌరుల విభాగమునకు పేరు, క్రీ.పూ. 241 నాటికి అట్టివి 35. అడవి, కొండ, వెనుకబాటు అను భావములేవియు అందులో లేవు. ఆంగ్లములో 13వ శతాబ్దమున ఈ మాట మొదట ఇశ్రాయేలు విభాగములకే వచ్చినది. హెబ్రీ మూలములోని 'షేవెత్', 'మత్తె' అను రెంటికిని కర్ర అనియు అర్థము కలదు. నాగరికతకు వెలుపలి జనులన్న అర్థము వలస పాలకుల వాడుకలో బలపడినది. రాజ్యాంగపు 342వ అధికరణములోని 'షెడ్యూల్డు ట్రైబ్' ఆ పాలన విడిచిపోయిన మాటయే. తెలుగులో దానిని 'గిరిజనులు' అన్నాము. శబరి ఒడ్డున బ్రతుకు గొమ్ము కోయలు ఏ గిరిమీద నున్నారో ఎవరును అడుగలేదు!

ప్రకటన గ్రంథములో మరియొక విషయము. 5:9లోను 7:4లోను గ్రీకు మాట ఒక్కటే, 'ఫ్యూలే'. తెలుగులో మొదటిది 'వంశము', రెండవది 'గోత్రము'. పాత ఆంగ్ల అనువాదమును ఇట్లే రెండు మాటలు వాడినది. గొఱ్ఱెపిల్ల కొనిన జనులలో తానున్నానని కోయ విశ్వాసి గుర్తించుటకు ఈ భేదము అడ్డుగా నిలిచినది.

నిజమునకు సంఖ్యాకాండము 36 భూమిని గూర్చినది. స్వాస్థ్యము ఒకరి చేతినుండి మరియొక గోత్రపు చేతికి పోకూడదు. షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనుల భూమి ఇతరులకు బదిలీ కాకుండ చేసిన 1959 నాటి నిబంధన, దానిని బిగించిన 1970 సవరణ చింతూరువారికి తెలిసినవే. ఆ చట్టము పక్కన ఈ అధ్యాయమును చదివినచో పెండ్లి చిక్కు విడిపోవును: ఇక్కడ 'షేవెత్'కు సాటి గట్టు కాదు, కోయ జనమంతయు.

అందుచేత రెండు చోట్లను 'తెగ' అనుట మేలని మా అభిప్రాయము. అది చిన్నచూపు మాట అని కొందరు అభ్యంతరము చెప్పుదురు. యూదా తెగ, లేవి తెగ అని పుల్పిటు మీదనుండి ప్రతి ఆదివారము చదివిన తరువాత ఆ అభ్యంతరము ఎంతవరకు నిలుచునో చూడవచ్చును.