నీరు నిలిచే చోటు తెలిసిన చేతులు

తెనాలి అనగానే నాటకం గుర్తొస్తుంది. ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులు గుర్తొస్తారు. పనితనానికి పేరున్న ఊరది. ఆ ఊళ్ళోనూ, అటు రేపల్లెలోనూ, ఇటు బాపట్లలోనూ పేపర్లో పేరు పడని పనిమంతులు మరికొందరున్నారు. భుజాన సంచి తగిలించుకుని, బండి మీద ఇంటింటికీ తిరిగి వాషింగ్ మెషీన్లు విప్పి, కడిగి, మళ్ళీ బిగించే మెకానిక్కులు వాళ్ళు. ఆగిపోయిన మెషీన్ని తిప్పించడం వాళ్ళ పనిలో సగమే. మిగతా సగం ఇంకా కష్టం. మెషీన్ శుభ్రంగా తిరుగుతూనే ఉంటుంది, ఉతికిన బట్ట మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిన వాసన కొడుతుంది. ఆ వాసన పుట్టిన చోటు పట్టుకుని, మళ్ళీ పుట్టకుండా చేసే విద్యను పరిచయం చెయ్యడానికే ఈ వ్యాసం.

ముందు ఈ మూడు ఊళ్ళ నీళ్ళ సంగతి చెప్పుకోవాలి. తెనాలి కాలువల ఊరు. కృష్ణ నీళ్ళు పారినన్నాళ్ళూ ఇబ్బంది లేదు. ఎండాకాలం కాలువలు కట్టేశాక బోరు నీళ్ళ మీద ఆధారపడక తప్పదు. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్ళేకొద్దీ భూమిలో నీళ్ళు ఉప్పగిల్లుతాయి. బాపట్ల పక్క ఇసక నేలల్లో మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద పల్చటి పొరగా తేలుతుంటాయి. అందుకే అక్కడి రైతులు లోతుకు పోకుండా దొరువులనే గుంటలు తవ్వి పై నీళ్ళు తోడుకునేవారు. ఆ దొరువు పద్ధతిని మెరుగుపరిచి రైతులకు అందించిన ఉప్పునీటి పరిశోధన కేంద్రం కూడా బాపట్లలోనే ఉంది.

ఈ బోరు నీళ్ళలాగా కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళలో సబ్బు నురగ కట్టదు. నురగ రాలేదని ఇల్లాలు ఇంకో గరిటెడు సర్ఫు వేస్తుంది. ఆ వేసిందంతా బట్టకు పట్టదు, నీళ్ళతో పోదు. డ్రమ్ము వెనక, రబ్బరు మడతల్లో, గొట్టాల్లో పేరుకుంటుంది. దానికి బట్టల నూగు, ఒంటి జిడ్డు తోడవుతాయి. బాపట్ల దగ్గరి సూర్యలంక తీరం నుంచి వచ్చే సముద్రపు గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి లోపల తడి ఓ పట్టాన ఆరదు. పైగా ఉతకడం కాగానే మూత వేసేస్తాం. తిండీ తేమా చీకటీ మూడూ అమరాయి, బూజుకు ఇంకేం కావాలి?

కంటికి కనిపించే నల్ల చుక్కలు బూజువి. ముక్కుకు తెలిసే వాసనలో మాత్రం ఎక్కువ భాగం కంటికి కనిపించని బాక్టీరియాది. ఈ సూక్ష్మజీవులు విడివిడిగా తిరగవు. జిగురులాంటి పొర ఒకటి అల్లుకుని దాని కింద కాపురం ఉంటాయి. మామూలు ఉతుకుడికి ఆ పొర ఊడదు. ఆరీ ఆరని బట్టల్లో వచ్చే ఆ ప్రత్యేకమైన వాసనకు మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బాక్టీరియా ముఖ్య కారణమని జపాన్ పరిశోధకులు 2012లో వెల్లడించారు. ఎండబెట్టినా కొంత తట్టుకుని బతికే రకం అది. అందుకే ఆరిన తువ్వాలు బాగానే ఉన్నట్టుంటుంది, ఒళ్ళు తుడుచుకునేసరికి మళ్ళీ కంపు లేస్తుంది.

ఇక పని దగ్గరికి వద్దాం. చెయ్యి తిరిగిన మెకానిక్కు రాగానే పానా తియ్యడు. మూత ఎత్తి వాసన చూస్తాడు. ముక్కిన వాసనైతే లోపలి పాచి. కుళ్ళిన గుడ్డు వాసనైతే ముందు మురుగు గొట్టం కొస చూస్తాడు. చాలా ఇళ్ళలో ఆ గొట్టాన్ని బాత్రూం తూములో లోపలికంటా దోపేస్తారు. అప్పుడు మెషీన్ తప్పు ఏమీ లేకపోయినా తూము గాలి గొట్టంలోంచి ఎగదన్ని డ్రమ్ములో చేరుతుంది. ఆ గొట్టాన్ని కొంచెం పైకి లాగి కడితే సగం జబ్బు అక్కడే కుదురుతుంది. కాలిన రబ్బరు వాసనైతే అది బెల్టు సంగతి, దాని వైద్యం వేరు. వాసన చూశాక ఒక ప్రశ్న అడుగుతాడు: “అమ్మా, ఉతికాక మూత వేసే ఉంచుతారా?” సగం ఇళ్ళలో జవాబు ఆయనకు ముందే తెలుసు. అయినా అడుగుతాడు, ఎందుకంటే ఆ ప్రశ్నతోనే ఇంటివాళ్ళకు కారణం తట్టడం మొదలవుతుంది.

పైనుంచి బట్టలు వేసే మెషీన్ని విప్పడం చూడవలసిన పని. ముందు కరెంటు ప్లగ్గు పీకి, కుళాయి కడతాడు. డ్రమ్ము అడుగున తిరిగే చక్రాన్ని పల్సేటర్ అంటారు. దాని నడుమ ఒక స్క్రూ ఉంటుంది. స్క్రూ తీసినంత మాత్రాన చక్రం ఊడిరాదు, ఏళ్ళ తరబడి గార కట్టి షాఫ్టుకు అతుక్కుపోయి ఉంటుంది. పని తెలియనివాడు అంచు పట్టి ఒక పక్కనుంచి పెకలిస్తాడు, ప్లాస్టిక్ విరుగుతుంది. పని తెలిసినవాడు చక్రానికున్న కన్నాల్లోంచి రెండు పక్కలా తాడు దూర్చి, రెండు చేతులతో సమంగా, నిట్టనిలువుగా పైకి లాగుతాడు. చక్రం లేచిందంటే దాని కింద బూడిదరంగు మడ్డి కనిపిస్తుంది. నూగూ సర్ఫూ జిడ్డూ కలిసి ముద్దయిన మడ్డి. ఇంటివాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఆయన మాత్రం వేలితో తీసి రుద్ది చూస్తాడు.

ఆ రుద్దడంలో ఉంది అసలు విద్య. వేలికి జారుతూ జిగటగా తగిలితే అది సబ్బు పాచి. గోటికి గరగరలాడుతూ పెళుసుగా రాలితే అది ఉప్పునీటి గార. పాచికి క్షారం కావాలి, గారకు పులుపు కావాలి. రెండూ ఉంటే ముందు క్షారంతో పాచి ఊడదీసి, బాగా కడిగేసి, ఆ తర్వాత పులుపుతో గార కరిగించాలి. నిమ్మ ఉప్పూ వంట సోడా ఒకేసారి పోసి, బుసబుసా పొంగితే మురికి పోతోందనుకుంటారు చాలామంది. ఆ పొంగులో రెండిటి బలమూ ఒకదానికొకటి సరిపోయి మురికికి ఏమీ మిగలదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. బ్లీచింగ్ నీళ్ళలో నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. మంచి మెకానిక్కు ఈ రెండు డబ్బాలనూ సంచిలో ఒకే అరలో పెట్టడు.

పల్సేటర్ తరువాత లోపలి స్టీలు డ్రమ్ము. దాన్ని పట్టి ఉంచేది అడుగున ఒక పెద్ద నట్టు. చాలా మెషీన్లలో దానికి 38 నంబరు పానా పడుతుంది. నట్టు వదులైనా డ్రమ్ము కదలదు. అప్పుడు తుప్పు వదిలే నూనె నాలుగు చుక్కలు వేసి కాసేపు ఆగుతాడు. ఆ తరువాత విప్పిన నట్టును మళ్ళీ షాఫ్టు కొసకు సమంగా వచ్చేదాకా తిప్పి, దాని మీద చెక్క ముక్క ఉంచి, చెక్క మీద సుత్తితో తడతాడు. మధ్యమధ్య డ్రమ్మును అటూ ఇటూ ఊపుతాడు. దెబ్బ నేరుగా షాఫ్టు మీద పడితే మర నలిగిపోతుంది, ఇక నట్టు ఎన్నటికీ బిగియదు. నట్టు అంచు మరకు కాపలా, చెక్క నట్టుకు కాపలా. ఎవరికీ కనిపించని చోట ఇంత జాగ్రత్త పడే చేతిని చూస్తే గౌరవం కలుగుతుంది.

డ్రమ్ము బయటికి వచ్చాక దాని వీపు చూడాలి. లోపల అద్దంలా మెరిసే స్టీలుకు బయటి పక్క నల్లటి చారలు దిగి ఉంటాయి. మనం రోజూ చూసేది లోపలి ముఖమే, బట్టలు నానిన నీళ్ళు తగిలేది రెండు ముఖాలకూ. బయటి టబ్బు గోడ మీద పాచి ఎంత ఎత్తున ఉందో కూడా మెకానిక్కు గమనిస్తాడు. నీటి మట్టానికి పైన కట్టిన పాచి సర్ఫు ఎక్కువైందని చెబుతుంది, ఎందుకంటే అంత ఎత్తుకు ఎక్కేది నురగే. అడుగున తెల్లగా కట్టిన గార నీళ్ళ గుణం చెబుతుంది. మురుగు కన్నం చుట్టూ పేరుకున్న నూగు, దాన్ని పట్టే జాలీ సంచి చిరిగిందని చెబుతుంది. ఇంట్లోవాళ్ళు చెప్పని సంగతులు టబ్బు చెబుతుంది.

కడగడంలోనూ పద్ధతి ఉంది. నైలాన్ బ్రష్షే వాడాలి. ఇనుప పీచుతో రుద్దితే ప్లాస్టిక్కు గీతలు పడతాయి, ఆ గీతల్లోనే రేపటి పాచి వేళ్ళూనుతుంది. విరిగిన ఇనుప ముక్కలు తుప్పు పట్టి తెల్ల బట్టల మీద మరకలు వేస్తాయి. నీళ్ళ ధారను షాఫ్టు సీలు మీదికి సూటిగా కొట్టకూడదు, నీరు సీలు దాటితే బేరింగు పోతుంది. సర్క్యూట్ బోర్డుకు ప్లాస్టిక్ కవరు కప్పాలి. నీళ్ళు లోపలికి వచ్చే చోట చిన్న జాలీ ఉంటుంది, దాన్ని పీకి ఒండ్రు దులపాలి.

ముందు తలుపున్న మెషీన్లలో యుద్ధమంతా తలుపు రబ్బరు దగ్గరే. వేళ్ళతో ఆ మడత విప్పితే పిల్లల జేబుల్లోంచి జారిన రూపాయి బిళ్ళలు, పిన్నీసులు, వాటి కింద నల్లటి జిగురు కనిపిస్తాయి. మడత అడుగున నీరు దిగిపోవడానికి సన్నటి కన్నాలుంటాయి. అవి పూడితే ప్రతి ఉతుకుడికీ గుక్కెడు నీళ్ళు అక్కడే నిలుస్తాయి. మెకానిక్కు ముందు ఆ కన్నాలు తెరుస్తాడు. తరువాత పల్చటి బ్లీచింగ్ నీళ్ళలో ముంచిన గుడ్డను మడతలో పరిచి, కాసేపాగి, మంచినీళ్ళతో తుడుస్తాడు. రబ్బరులోకి దిగిన నల్ల మచ్చ ఒక్కోసారి పోదు. నిజాయితీగల మనిషి ఆ మాట దాచడు: “బూజు చచ్చిందమ్మా, మచ్చ ఉంటుంది. కొత్త రబ్బరు ఇప్పుడే అక్కర్లేదు.” సర్ఫు వేసే సొరుగును పూర్తిగా బయటికి లాగి, సొరుగు పైకప్పు కూడా కడుగుతాడు. కింద చిన్న తలుపు వెనకున్న పంపు ఫిల్టరు విప్పేముందు పళ్ళెం పెట్టి, నిలవ నీరు ముందుగా వదిలేస్తాడు.

ఇంత పని వెనకా ఉన్న ఆలోచన ఒక్కటే: నీరు ఎక్కడ నిలుస్తోంది? డెల్టా రైతుకు ఈ ప్రశ్న కొత్త కాదు. పొలానికి నీళ్ళు తెచ్చే కాలువ ఎంత ముఖ్యమో, వాడిన నీటిని సముద్రానికి చేర్చే మురుగు కాలువా అంతే ముఖ్యం. నల్లమడ మురుగు కాలువ పూడుకుపోతే బాపట్ల పక్క పొలాలు ఏమవుతాయో అక్కడివాళ్ళకు తెలుసు. మెషీన్ కూడా అలాంటి పొలమే. మనం కుళాయి వైపే చూస్తాం, మెకానిక్కు తూము వైపు చూస్తాడు.

ఈ విద్యకు మన దగ్గర పాత మూలం ఉంది. చాకిరేవులో రజకులు బట్టల్ని చౌడు నీళ్ళలో తడిపి, బాన మీద పేర్చి, ఉబ్బ పెట్టి ఆవిరి పట్టించేవారు. తరువాత బండ మీద బాది, పారే నీళ్ళలో జాడించి, ఎండలో పరిచేవారు. చౌడులో ఉన్నది సోడా క్షారాలే. క్షారం, వేడి, పారే నీరు, ఎండ. ఈ నాలుగింటి ముందు ఏ పాచీ నిలవలేదు. మెషీన్ వచ్చాక మన ఇళ్ళలో వేడి పోయింది, చన్నీళ్ళతోనే ఉతుకుతున్నాం. డ్రమ్ముకు ఎండ తగిలే ప్రశ్నే లేదు. ఇప్పుడు డ్రమ్ము శుభ్రానికి వాడే ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పెర్కార్బొనేట్, బరువులో మూడింట రెండు వంతులు చాకలి సోడాయే. మిగతాది నీళ్ళలో విడివడి పాచిని కాల్చే హైడ్రోజన్ పెరాక్సైడ్. దానికి 60 డిగ్రీల వేడి తోడైతే పని బాగా చేస్తుంది. రేవులో తరతరాలుగా చేసిన పనినే మెకానిక్కు డ్రమ్ములో మళ్ళీ చేస్తున్నాడు. రజకుల చేతి జ్ఞానానికి రసాయనశాస్త్రం ఇచ్చిన సాక్ష్యంగానే దీన్ని నేను చూస్తాను.

బిగించాక ఖాళీ మెషీన్ని ఒకసారి తిప్పి చూస్తాడు. డ్రమ్ము ఊగకుండా తిరగాలి, ఎక్కడా చెమ్మ కారకూడదు. వెళ్ళేముందు నాలుగు మాటలు చెబుతాడు. నురగ చూసి సర్ఫు వెయ్యకండి, బట్టల బరువు చూసి వెయ్యండి. ఉతకడం కాగానే బట్టలు తీసెయ్యండి. మూత, సర్ఫు సొరుగు తెరిచే ఉంచండి. చిన్నపిల్లలుంటే మాత్రం వాళ్ళు డ్రమ్ములోకి దూరకుండా కనిపెట్టుకోండి. నెలకోసారి ఖాళీ డ్రమ్ములో వేడినీళ్ళతో ఆక్సిజన్ బ్లీచ్ తిప్పండి. హీటరు లేని మెషీన్లో గీజరు నీళ్ళు పోయండి, మరిగే నీళ్ళు మాత్రం వద్దు, ప్లాస్టిక్ వంగుతుంది.

ఈ నాలుగు మాటలూ పాటిస్తే ఆయన్ని మళ్ళీ పిలిచే పని చాలాకాలం ఉండదు. తన రాబడి తగ్గుతుందని తెలిసీ ఆ మాటలు చెబుతాడు చూడండి, ఆ మనిషి పనితనం అక్కడ పూర్తవుతుంది. పౌడరు పోసి, పది నిమిషాలు తిప్పి, బిల్లు చేతికిచ్చే పద్ధతి కూడా ఊళ్ళలో ఉంది. దానికీ దీనికీ తేడా తెలుసుకోవడం వినియోగదారుగా మన బాధ్యత. ఈసారి మెషీన్ విప్పే మనిషి మీ ఇంటికి వచ్చినప్పుడు పక్కన నిలబడి చూడండి. ముందు వాసన చూశాడా, మడ్డిని వేలితో రుద్దాడా, సుత్తికీ షాఫ్టుకీ మధ్య చెక్క ముక్క పెట్టాడా గమనించండి. ఆ మూడూ చేసిన చేతికి అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. పక్కింటివాళ్ళకు ఆ మనిషి పేరు చెప్పండి.