మైగ్రేషన్, వలస, సుగ్గి: పర్యాయపదాల పరిమితులు

వ్యాససంగ్రహం:
‘మైగ్రేషన్’ అనే ఇంగ్లీషు పదానికి తెలుగులో ‘వలస’ను సమానార్థకంగా వాడుతున్నాం. ఆ ఒక్క పదం కింద చేరిన వేర్వేరు అర్థాలను విడదీసి చూపడం, దేవనకొండ ప్రాంతంలో వాడుకలో ఉన్న ‘సుగ్గి’ అనే మాటకు సాహిత్య విమర్శలో గల అవసరాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మైగ్రేషన్, వలస, ప్రవాసం, సుగ్గి, పశ్చిమ కర్నూలు.

1. ఉపోద్ఘాతం:
దేవనకొండ, ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి ప్రాంతాలలో వానలు లేక పంట చేతికి రాని ఏడు, వచ్చినా అప్పుకు చాలని ఏడు కూలి కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తితీతకు తరలిపోతాయి. పత్రికలు దీనిని ‘వలస’ అంటాయి. నివేదికలు ‘సీజనల్ మైగ్రేషన్’ అంటాయి. పోయేవారు మాత్రం ‘సుగ్గికి పోతున్నాం’ అంటారు. ఈ మూడూ ఒకే ప్రయాణాన్ని సూచిస్తున్నా ఒకే అర్థాన్ని ఇవ్వవు.

2. ‘మైగ్రేషన్’ అర్థవ్యాప్తి:
ఇంగ్లీషులో ఈ పదం పరిధి విస్తృతమైనది. పక్షులు ఖండాలు దాటడం, కంప్యూటరు సమాచారం ఒక వ్యవస్థ నుంచి మరొక దానికి మారడం కూడా మైగ్రేషనే. విశ్వవిద్యాలయం మారే విద్యార్థి తెచ్చుకునే ధ్రువపత్రానికీ అదే పేరు. జనాభా లెక్కలు పుట్టిన చోటును, గత నివాసాన్ని బట్టి మైగ్రెంట్లను గుర్తిస్తాయి. 2011 లెక్కల ప్రకారం దేశంలో వారి సంఖ్య సుమారు 45 కోట్లు. స్త్రీల విషయంలో ప్రధాన కారణం వివాహం. అత్తవారింటికి వెళ్లిన ఆడపడుచును ‘వలస పోయింది’ అని తెలుగులో ఎవరూ అనరు.

మరోవైపు, 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఈ అర్థాన్ని బాగా కుదించింది. కాంట్రాక్టరు ద్వారా నియమితులై రాష్ట్రం దాటి పనికి వెళ్లేవారినే అది లెక్కలోకి తీసుకుంది. దేవనకొండ నుంచి గుంటూరుకు పోయిన కూలీ రాష్ట్రం దాటడు కనుక ఆ నిర్వచనంలో చేరడు. పదానికిచ్చే నిర్వచనం మీద హక్కు ఆధారపడుతుందనడానికి ఇదొక నిదర్శనం.

3. ‘వలస’లోని సందిగ్ధత:
బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో ‘వలస’కు శత్రుసైన్య భయంతో ఇల్లు విడిచిపోవడమనే అర్థం కనిపిస్తుంది. ఉత్తరాంధ్రలోని ఆమదాలవలస, కొత్తవలస వంటి ఊరిపేర్లలో అది వచ్చి స్థిరపడిన చోటును గుర్తుచేస్తుంది. ఆధునిక కాలంలో ‘కొలోనియలిజం’కు కూడా ‘వలసవాదం’ అన్నాం. ఫలితంగా ‘వలస పాలకుడు’, ‘వలస కూలీ’ అనే పరస్పర విరుద్ధ వ్యక్తులకు ఒకే విశేషణం దక్కింది. పొరుగున ఉన్న కన్నడం ఈ రెండింటినీ ‘వలసె’, ‘వసాహతు’ అని వేరు చేసుకుంది. మనకు ‘వలస సాహిత్యం’ అనే శీర్షిక చూడగానే అది ఏ విషయానికి చెందిందో తేల్చుకోవలసి వస్తుంది.

ప్రవాసం విషయం ఇంకా ఆలోచించదగినది. అమెరికాలో స్థిరపడినవారి రచనలను ‘ప్రవాస సాహిత్యం’ అంటున్నాం. మిరప చేలకు పోయే కుటుంబం కథను ‘వలస కథ’ అంటున్నాం. దూరంలో, ఉండే కాలంలో తేడా ఉన్నమాట నిజమే. అయితే గల్ఫ్‌కు వెళ్లిన శ్రామికుణ్ణి కూడా ‘వలస కార్మికుడు’ అనడాన్ని గమనిస్తే, ఈ రెండు పదాల మధ్య గీత గీస్తున్నది ప్రధానంగా వర్గమేనని తెలుస్తుంది.

4. ‘సుగ్గి’ చెప్పేది, దాచేది:
కన్నడంలో ‘సుగ్గి’ అంటే పంటకోతల కాలం. సంక్రాంతిని అక్కడ సుగ్గి పండుగ అంటారు. కన్నడ సీమను ఆనుకొని ఉన్న పశ్చిమ కర్నూలులో ఆ మాట పనికోసం ఊరు విడిచిపోవడాన్ని తెలుపుతోంది. పండుగ మాట ప్రయాణపు మాటగా మారింది. కోత ఉంది, కానీ పంట పరులది. ‘వలస’ ప్రధానంగా విడిచిపోవడాన్ని చెబుతుంది. ‘సుగ్గి’ పనిని, కాలాన్ని, తిరిగిరావడాన్ని కూడా చెబుతుంది. కాబట్టి సుగ్గికి పోయేవారిని ఊరు వదిలేసినవారుగా చిత్రించడం వారి భాషకు విరుద్ధం.

అలాగని విమర్శకుడు ‘వలస’ను తీసివేసి ‘సుగ్గి’ని నిలిపితే చాలదు. ఏటా జరిగే పనికి పేరు స్థిరపడిన కొద్దీ, దాని వెనుక ఉన్న నిర్బంధం ఆనవాయితీగా కనిపించే ప్రమాదం ఉంది. ‘వాళ్లకు అది అలవాటే’ అనే తేలిక మాటకు అది ఆధారమవుతుంది. అప్పు, సాగునీటి లేమి, బడి మానిన పిల్లలు ఆ మాటలో వినిపించరు. వలస కుటుంబాల పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడపవలసి రావడమే ఇది కేవలం ఆనవాయితీ కాదనడానికి సాక్ష్యం.

5. ముగింపు:
‘మైగ్రేషన్’కు ఒక్క తెలుగు మాటను వెతకడం కంటే, సందర్భాన్ని బట్టి మాటను ఎంచుకోవడం పరిశోధకునికి మేలు. పోయేవారి అనుభవాన్ని వివరించేటప్పుడు ‘సుగ్గి’ని, వారిని కదిలించిన కారణాలను విశ్లేషించేటప్పుడు ‘వలస’ను వాడవచ్చు. ప్రాజెక్టుల కింద ఊళ్లు కోల్పోయినవారికి ‘నిర్వాసితులు’, ప్రాణభయంతో తరలివచ్చినవారికి ‘కాందిశీకులు’ అనే మాటలు ఉండనే ఉన్నాయి. రాయలసీమ కథలో పాత్ర ‘సుగ్గి’ అన్నచోట విమర్శ ‘వలస’ అని మాత్రమే రాస్తే, ఆ పాత్ర తిరిగి వస్తానని చెప్పిన మాటను వదిలేసినట్లవుతుంది.