ఎవరి యుప్పు?

రాజ్యము చేతులు మారునపుడు ఉద్యోగి యేమి చేయవలెనో ముందుగా తెలిపిన ప్రభుత్వములు అరుదు. ముందు ఊరకుండి, పిమ్మట "నీ వేల ఆ కొలువు చేసితివి?" అని నిలదీసిన ప్రభుత్వములు మాత్రము కలవు. 1948 నాటి హైదరాబాదు సంస్థానము విషయమున ఢిల్లీ ప్రభుత్వము నడచిన తీరు ఈ రెండవ తెగలోనిదని మా యభిప్రాయము. నేడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి యని మూడు జిల్లాలైన సీమలో ఆనాటి పటేలు పట్వారీల సంతతివా రిప్పటికిని కలరు. ఇది వారి తాతల కథ.

1947 జూనులో నిజాము, ఆంగ్లేయులు వెడలినతోడనే తాను స్వతంత్రుడ నగుదునని ఫర్మానా వెలువరించెను. అదే సంవత్సరము నవంబరు 29న ఢిల్లీవారు ఆయనతో ఒక యేటి యథాతథ ఒడంబడిక చేసికొనిరి. చేతిలో చేయి వేసిన ప్రభుత్వమును తిరుగుబాటు ప్రభుత్వమని వారెట్లనగలరు? ఇక జనగామ కచేరీలో లెవీ ధాన్యపు లెక్క వ్రాయు గుమాస్తాకు, మానుకోట స్టేషనులో బెజవాడ బండికి జెండా యూపు రైల్వే నౌకరుకు ధర్మాధర్మములు తెలిపినవా రెవరు? స్టేటు కాంగ్రెసు పిలుపు నందుకొని పెక్కు గ్రామముల పటేండ్లు, పట్వారీలు 1948లో రాజీనామా లిచ్చిరి. వకీళ్లు కోర్టులు విడిచిరి. అది ఉద్యమము చెప్పిన మాట, ప్రభుత్వము చెప్పిన మాట కాదు. రాజీనామాపై సంతకము భర్తది. ఆ నెల పొయ్యి వెలిగింపవలసినది భార్య. ఆమెకు పూచీపడినవారు లేరు.

ఇందుకు భిన్నమైన దృష్టాంత మొకటి ఆఫ్రికాలో కలదు. 1965 నవంబరు 11న రొడీషియాలోని తెల్లవారి ప్రభుత్వము బ్రిటిషు రాణిని ధిక్కరించి స్వాతంత్ర్యము చాటుకొనెను. ఆనాడే గవర్నరు హంఫ్రీ గిబ్స్, శాంతిభద్రతల పనులు మానవలదనియు, అక్రమ ప్రభుత్వపు టుద్దేశములకు తోడ్పడు పని చేయవలదనియు, న్యాయమూర్తులకు, పోలీసులకు, ఉద్యోగులకు ఈ మాట సమానముగ వర్తించుననియు ప్రకటించెను. ఇందులో చిక్కు లేకపోలేదు. పన్ను వసూలు చేయుట నిత్యపు పనియా, తిరుగుబాటునకు తోడా? ఆ తీర్పు భారమును గుమాస్తా నెత్తినే పెట్టిరి. న్యాయమూర్తులకే అది తేలలేదు. 1968లో లండను ప్రీవీ కౌన్సిలు ఆ ప్రభుత్వపు నిర్బంధపు టుత్తరువులు చెల్లవనెను. ఆ యేట ఇద్దరు న్యాయమూర్తులు కొలువు వదలిరి, మిగిలినవారు ప్రీవీ కౌన్సిలు మాటనే కాదనిరి. అయినను లండనువారొక గీత గీసిరి. వంకరగీతయే కావచ్చును, ఢిల్లీవారు అదియు గీయలేదు.

నిజాము ఉప్పు తింటిమి గనుక చెప్పినదెల్ల చేసితిమను సాకు మాకు సమ్మతము గాదు. ఆ యుప్పు కొన్నది రైతు కట్టిన శిస్తుతో. 1947 సెప్టెంబరు 2న భూపాలపల్లి దాపునగల పరకాలలో, జెండా యెత్తవచ్చిన జనముపై తుపాకులు పేల్చగా 22 మంది మరణించిరి. 1948 ఆగస్టు 27న జనగామ తాలూకా భైరాన్‌పల్లిలో రజాకార్లు, పోలీసులు కలసి సుమారు నూరుగురిని చంపిరి. అచ్చట తుపాకి పట్టినవానిని, పహాణీ వ్రాసినవానిని ఒక్క కాటాలో తూచరాదు. ఎవడేమి చేసెనో చూచి విచారణ జరుపవలసి యుండెను.

సెప్టెంబరు 17 తరువాత సైనిక ప్రభుత్వపు దినములలో జరిగిన దది కాదు. పెక్కురు ముస్లిము ఉద్యోగులు కొలువులు కోల్పోయిరి. చేసిన పనికంటె పుట్టిన మతమే అనుమానమునకు హేతువైనదని మా విమర్శ. రజాకార్ల దౌష్ట్యమును నిరసించి నిజాము కొలువును త్యజించిన ఫరీద్ మీర్జా ముస్లిము కాడా? ఆ యాగస్టులోనే ఆయనతో గూడి ఏడుగురు ముస్లిములు, సంస్థానము భారతదేశమున చేరవలెనని ప్రకటన చేసిరి. దానిని ప్రకటించిన ఇమ్రోజు పత్రికాసంపాదకుడు షోయబుల్లాఖాన్ ఆ నెలలోనే హతుడయ్యెను. ఇట్టివారిని చూచిన పిమ్మటనైనను, మతమును విశ్వాసమునకు కొలబద్దగా పెట్టుట సిగ్గుచేటు.

ఖాళీయైన కుర్చీలలో మదరాసు, బొంబాయి, మధ్యపరగణాల ఉద్యోగులు వచ్చి కూర్చుండిరి. స్థానికుల కొలువులు పరులపాలగుచున్నవను గోల 1952లో ఉపాధ్యాయుల నియామకములపై వరంగల్లుననే రగిలి, ముల్కీ ఉద్యమమై హైదరాబాదు వీధులలో కాల్పుల దనుక పోయెను.

పల్లెలలో మాత్రము అంత మార్పు లేదు. సంఘము వారికి జడిసి పట్నము చేరిన దొరలలో పలువురు సైన్యము వెనుక గడీలకు తిరిగి వచ్చిరి. కచేరీలో గుమాస్తా మతము నడిగిన ప్రభుత్వము, గడీలో దొర యెవరి పక్షమున నిలిచెనో విచారించుటకు అంత తొందర చూపలేదు. పట్వారీ బస్తా తండ్రి చేతినుండి కొడుకు చేతికి దిగుచునే యుండెను. 1984లో రాష్ట్రప్రభుత్వము ఆ పదవుల నెత్తివేయువరకు అది చావడిలోనే యున్నది.