కోయిల ఒక్కటే కాదు

వీణ విద్వాంసుడు చిట్టిబాబు అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆయన ‘కొమ్మలో కోయిల’ రచన. గుర్తు రావాల్సిందే. కానీ ఆ కోయిల దగ్గరే ఆగిపోయి, హెచ్.ఎం.వి. రికార్డుగా వచ్చిన ‘మ్యూజింగ్స్ ఆఫ్ ఎ మ్యుజీషియన్’ను ఒక్కసారి కూడా విననివాళ్లు సంగీతాభిమానుల్లోనూ చాలామందే ఉన్నారు. కాకినాడలో సైతం ఉన్నారు. 1936లో ఆయన పుట్టిన ఊరు ఇది. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఈ చుట్టుపక్కల వీణ కొత్తది కాదు. పిఠాపురం ఆస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి గారి వీణ విని రవీంద్రనాథ్ ఠాకూర్ అంతటివాడు పరవశించాడు. చిట్టిబాబు గురువు ఈమని శంకరశాస్త్రి గారిది ద్రాక్షారామం. ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందాన్ని నడిపిన ఈమనివారు, ఎవరెస్టు ఆరోహణ ఇతివృత్తంగా ‘ఆదర్శ శిఖరారోహణం’ కట్టారు. సాహిత్యం తోడు లేకుండా వీణ ఒక కథ చెప్పగలదన్న ధైర్యం శిష్యుడికి అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం.

ఆ ధైర్యం వెనకున్న పనితనం చూడాలి. వీణకో పెద్ద ఇబ్బంది ఉంది. ఫిడేలుకు కమాను ఉంది, నాదస్వరానికి ఊపిరి ఉంది. వీణలో మాత్రం తీగ మీటిన మరుక్షణం నుంచే నాదం సన్నబడిపోతుంది. మళ్లీ మీటితే నాదం లేస్తుంది గానీ రాగం ముక్కలవుతుంది. కాబట్టి మీటు తగ్గించాలి, ఒక్క మీటులోనే ఎక్కువ స్వరాలు పలికించాలి. మైనంలో బిగించిన 24 మెట్లలో ఏదో ఒకదాని మీద ఎడమచేతి వేళ్లతో తీగను నొక్కి పట్టి, పక్కకు లాగుతారు. లాగేకొద్దీ స్వరం పైకి పోతుంది, వదిలేకొద్దీ దిగుతుంది. ఒకే మెట్టు మీద మూడు నాలుగు స్వరాలు పలుకుతాయి. పై నుంచి కిందికి జారాలంటే పని ఇంకా కష్టం. చప్పుడు లేకుండా ముందే తీగను లాగి ఉంచి, అప్పుడు మీటి, మెల్లగా వదలాలి. లాగడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా అపస్వరమే. గొంతు పలికినట్టు వీణ పలకడమంటే ఇదే. ఈమని బాణీకి ప్రాణం కూడా ఇదే.

కోయిల కూత అందుకే అంత సహజంగా ఉంది. కూత కింద మొదలై ఎక్కడా తెగకుండా పైకి లేస్తుంది. మెట్టు మారిస్తే ఆ అందం పోతుంది, తీగ లాగితేనే వస్తుంది. ఇక ఆయన ‘వెడ్డింగ్ బెల్స్’ వినండి, అక్కడ దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. గంట మోగినట్టు స్వరం నిటారుగా నిలవాలి, ఊపు ఉండకూడదు. తీగ లాగి పలికించే గమకాన్ని ఇంతగా సాధించిన చెయ్యి, దాన్ని పక్కన పెట్టి మీటు మోతనే నమ్ముకుంది. గమకం తెలిసినవాడికే అది ఎక్కడ వద్దో తెలుస్తుంది. సంప్రదాయం మీద చిట్టిబాబుకున్న పట్టు నాకు కీర్తనల్లో కంటే ఈ రచనల్లోనే ఎక్కువ కనిపించింది.

సినిమాలతోనూ ఆయనకు సంబంధం ఉంది. 1949 నాటి ‘లైలా మజ్ను’లో బాలనటుడు. 1964లో శ్రీధర్ తీసిన తమిళ చిత్రం ‘కలైక్కోవిల్’లో వినిపించే వీణ ఆయనదే. ఆ సినిమా పేరు వల్లో ఏమో, ‘వెడ్డింగ్ బెల్స్’ లాంటి రచనలను లలిత సంగీతమని తేలిగ్గా తీసేసేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఇందులో తేలిక వినేవాళ్లకే, వాయించేవాళ్లకు కాదు.

‘మ్యూజింగ్స్’ రికార్డు సంపాదించి, ముందు ఈమనివారి రాగాలాపన ఒకటి విని, వెంటనే దీన్ని పెట్టుకోండి. మొదటిసారి బాణీని వినండి. రెండోసారి ఎడమచేతిని మాత్రమే వినండి. మీ ఇంట్లో వీణ నేర్చుకుంటున్న పిల్లలుంటే వాళ్లనీ పక్కన కూర్చోబెట్టుకోండి.