నడక తర్వాత నాలుగు బస్కీలు

తెల్లవారుజామున బండ్లను ఆపేసి బీచ్ రోడ్డును నడిచేవాళ్లకు అప్పగించే ఊరు మన విశాఖ. కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి దాటి జనం సాగిపోతుంటే ఈ ఊరి మీద ఇష్టం పెరుగుతుంది. చాలా ఏళ్ల విరామం తర్వాత నేనూ మళ్లీ ఒళ్లు వంచుతున్నాను. ఏ కసరత్తు ఎంచుకోవాలన్న ప్రశ్న ఈమధ్య నన్ను వదలడం లేదు. నడక మంచిదే, కానీ ఒక్క నడకతో ఒళ్లు దారికి రాదని నా గట్టి నమ్మకం.

వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని చేయాలని కూడా అక్కడే చెప్పింది. ఆ రెండో మాట మన చెవిన పడలేదు. ముప్పై దాటాక కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కరుగుతుంది. చేయి ఆనించకుండా నేల మీంచి లేవలేకపోవడం, గ్యాస్ బండ జరపడానికి కొడుకును పిలవడం అక్కడే మొదలు.

బలం మనకు పరాయి విద్య కాదు. కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడి విగ్రహం ఆ బీచ్ రోడ్డులోనే ఉంది. వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి. ఆ కాలపు తాలింఖానాల్లో యంత్రాలు లేవు. దండీలు, బస్కీలు, మట్టి నేల. కరణం మల్లీశ్వరిదీ ఉత్తరాంధ్రే, ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. అయినా బరువులు కుర్రాళ్ల పనే అనుకునే ఆడవాళ్లు మన వీధుల్లో ఇంకా ఉన్నారు. ఎముక పలచబడే వయసులో అది వాళ్లకే ఎక్కువ అవసరం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గోడకు చేతులానించి దండీలు తీయాలి. అది తేలికయ్యాక పార్కు బెంచీ మీద, ఆ తర్వాతే నేల మీద. బస్కీలకు కుర్చీ అంచు దాకా దిగి లేస్తే చాలు. ఇంకో రెండు మూడు తీయగలం అనిపించినప్పుడే ఆపాలి. రోజు విడిచి రోజు చేయాలి. కండ గట్టిపడేది విశ్రాంతిలోనే. ఇసుకలో పరుగు మాత్రం అప్పుడే వద్దు. పొడి ఇసుకలో నడకకే గట్టి నేల మీద కంటే రెట్టింపు శక్తి ఖర్చవుతుంది, ఒడ్డు వాలు వల్ల రెండు చీలమండల మీద భారం సమంగా పడదు. మన గాలిలోని తేమకు చెమట త్వరగా ఆరదు, ఒంటి వేడి దిగదు. వేసవిలో ఎండెక్కకముందే ముగించాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవారు ముందు డాక్టర్ని అడగాలి.

ఈ ఊళ్లో ఇంకో చిక్కు షిఫ్టులు. ఉక్కు ఫ్యాక్టరీ, పోర్టు రాత్రింబవళ్లు నడుస్తాయి. పొద్దున్నే ఐదింటికి లేవాలన్న సలహా నైట్ షిఫ్టు దిగి వచ్చేవారికి ఎందుకు పనికొస్తుంది? వాళ్లు ముందు కంటినిండా నిద్రపోవాలి. లేచాక, డ్యూటీకి బయల్దేరేలోపు ఇంట్లోనే ఇరవై నిమిషాలు. గడియారానికి కాక నిద్రకు ముడిపెట్టుకుంటే షిఫ్టు మారినా వ్యాయామం తప్పదు. జిమ్‌లో చేరాలనుకుంటే ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. మధ్యాహ్నం కూడా తలుపు తెరిచి ఉంటుందా అని అడిగి, నెలకు కట్టించుకునే చోట చేరండి.